కీచకుని వేషము ఎవరు కట్టవలెను?

వాన మొగము చాటుచేసిన ఏట గ్రామములలో విరాటపర్వము చదివించుట తెలుగునాట పెద్దలనుండి వచ్చిన ఆచారము. కడప, కర్నూలు సీమలవంటి మెట్టనేలలలో దీని అవసరము చెప్పనక్కరలేదు. రచ్చకట్టపై పౌరాణికుడు తిక్కన పద్యము చదివి అర్థము చెప్పుచుండగా, ఊరివారు ఒక చెవి పురాణమునకును, ఒక కన్ను ఆకాశమునకును అప్పగించి కూర్చుందురు. ఆ పర్వమునందే కీచకుడున్నాడు. వాడు రాజునకు బావమరది, సేనానాయకుడు, అడ్డు చెప్పువారు లేనివాడు, పరస్త్రీని కోరినవాడు. అట్టివాని మాటలు పౌరాణికుని నోట వెలువడినంత మాత్రమున ఆయన నోరు మైలపడినదని ఎవరును అనలేదు. ఆయన చదువుచున్నాడు, అంతియే.

తోలుబొమ్మలాటలోను అట్లే. తోలును పలుచన చేసి, రంగులద్ది, బద్దకు కట్టిన కీచకుడు తెరపై నిక్కుచు నీల్గుచు తిరుగును. భీముని చేతిలో చచ్చును. తెల్లవారునప్పటికి బుట్టలో చేరును. తోలునకు మనస్సు లేదు. మనస్సు లేనిచోట పాపమునకు నిలువ నీడ లేదు.

ఇట్లు బొమ్మలనాడించుచు ఊరూర తిరుగు కుటుంబములవారే 1885వ సంవత్సరమున కడప జిల్లా చక్రాయపేట ప్రాంతమందలి సురభి గ్రామమున ఒక క్రొత్త పనికి పూనుకొనిరి. ఒక పెండ్లి సందర్భమున బొమ్మలాటకై వచ్చినవారు, బొమ్మలను ప్రక్కనబెట్టి తామే వేషములు కట్టి ‘కీచకవధ’ నాటకమాడిరని ప్రసిద్ధి. వనారస గోవిందరావుగారి పేరు ఈ ఆరంభముతో ముడిపడియున్నది. తరువాత ఆ కుటుంబములు పెరిగి అనేక సమాజములైనను ఊరి పేరే వారందరికి ఇంటి పేరువలె నిలిచినది. ఆ వంశపరంపరలోని కళాకారునకు 2013లో పద్మశ్రీ పురస్కారము లభించువరకు వారి కథ పెద్దది. అదంతయు ఇచ్చట ప్రస్తుతము కాదు. ఆ మొదటి రాత్రి సంభవించిన మార్పు మాత్రమే ప్రస్తుతము. అంతవరకు తోలు చేయుచున్న పనిని ఒక మనుష్యుడు చేయవలసివచ్చెను. కీచకునకు మనస్సు వచ్చినది.

ఆ మనస్సు ఎవరిది? వానికి దోషమంటునా, అంటదా?

చూచువారికి నాటకము ఒక రాత్రియే. ఆడువారికి దానివెనుక ఎన్నో దినముల ఒద్దిక యున్నది. పాత నాటకమైనచో తండ్రి ఆడగా కొడుకు చూచియుండును. క్రొత్త నాటకమునకు ముందు నడచినవాని జాడ లేదు. మాట కుదరలేదని మరల చెప్పుట, అడుగు తప్పెనని మరల నడచుట, చూపు చాలలేదని మరల చూచుట. సైరంధ్రిపై కీచకుడు నిలిపిన ఆ చూపును వేషధారి ప్రతిదినమును సాధన చేయవలెను. విషయములను ధ్యానించువానికి వానియందు సంగము కలుగుననియు, సంగము కామమగుననియు, కామము క్రోధమగుననియు గీతాచార్యుడు రెండవ అధ్యాయమున మెట్లుమెట్లుగా చూపినాడు. ఆ మెట్లలో మొదటిది ధ్యానము. పరస్త్రీని కోరు మాటలను నూరుసార్లు వల్లించుట ధ్యానము కాక మరేమి?

శాస్త్రములు ఈ భయమును ఎరుగనివి కావు. నటుని అన్నము గ్రహింపరాదనియు, వాని సాక్ష్యము చెల్లదనియు మనుస్మృతి చెప్పుచున్నది. నాట్యశాస్త్రమే తన చివరి భాగమున, భరతుని కుమారులు ఋషులను వెక్కిరించు ప్రయోగమొకటి చేసి శాపము పొందిన కథను దాచక చెప్పినది. ఈ వాక్యములను చూపి నటులను ఊరి అంచున నిలిపినవారు లేకపోలేదు. వారి అన్నము ముట్టరాదన్నవారే ఆటనాడు ముందువరుసలో చోటు వెదకుకొనుట మాత్రము మానలేదు.

ఆలంకారికుల సమాధానము వేరు. రసము నటునియందు లేదు, ఆస్వాదించు సహృదయునియందున్నది. మద్యము రుచి త్రాగువానికే గాని గిన్నెకు తెలియదు, కనుకనే నటునకు ‘పాత్ర’ యను పేరు తగియున్నదని అభినవగుప్తపాదుల వివరణము. చక్కని మాట. అయినను ఇంట కాపురము చేయువారికి ఇంకొక సంగతి తెలియును. గిన్నె రుచి చూడదు నిజమే; వాసన మాత్రము పట్టును. ఇంగువ కట్టిన గుడ్డను ఎన్ని నీళ్లలో ఉతికినను ఇంగువ మాట చెప్పుచునే యుండును. శాస్త్రకారులు మనస్సులోని సంస్కారమునకు ‘వాసన’ యని పేరుపెట్టుట ఊరక కాదు. కాబట్టి పాత్రకు ఏమియు అంటదను సమాధానము సగమునకే సరిపోవును.

తక్కిన సగము ఎంత ప్రబలమైనదో తెలుపు వృత్తాంతమొకటి నాభాదాసు భక్తమాల సంప్రదాయమున ప్రసిద్ధము. నీలాచలక్షేత్రమున లీలానుకరణము జరుగుచుండగా నరసింహుని వేషము కట్టిన భక్తుడు ఆవేశము పొంది హిరణ్యకశిపుని వేషధారిని నిజముగనే చీల్చివేసెను. పాతపగ తీర్చుకొన్నాడని కొందరు, స్వామి ఆవేశమని కొందరు వాదించిరి. పరీక్షింపనెంచి అతనిచే దశరథుని వేషము కట్టించిరి. రాముడు అడవికేగెనన్న మాట చెవినబడగనే అతడు ప్రాణము విడిచెను. ఈ కథను భక్తిమహిమకు దృష్టాంతముగా చెప్పుకొనుట వాడుక. చీల్చబడినవాని ఇల్లాలి విషయము కథలో లేదు. కట్టిన వేషము కట్టినవానిని మింగగలదను మాటను భక్తులే ఒప్పుకొనిరి. నరసింహుని వేషము మింగగలిగినచో, కీచకుని వేషము మింగలేదా?

సురభివారికి ఈ ప్రశ్న గ్రంథములలో ఎదురైనది కాదు, ఇంటిలో ఎదురైనది. ఇతర సమాజములలో స్త్రీవేషములను పురుషులు కట్టుచున్న కాలముననే వారి కుటుంబములలో స్త్రీలు రంగమెక్కిరి. సమాజమనగా కుటుంబమే. అత్త, కోడలు, అల్లుడు, మనుమడు అందరును వేషధారులే. అట్టి ఇంట కీచకునకును సైరంధ్రికిని నిజమైన బంధుత్వముండును. పగలు బావగారని పిలిచి అన్నము వడ్డించిన చేయి, రాత్రి ఆ మనుష్యునే చూచి వణకవలసి రావచ్చును. బయటివారికి ఇది విడ్డూరముగా తోచి చెవులు కొరుక్కొనియుందురు. ఆలోచించినచో ఇందులో గొప్ప రక్షణ యున్నది. మరునాడు ఆ పంక్తిలోనే కూర్చుండి ఆ చేతి అన్నమే తినవలసినవాడు, వేషము తీసిన పిమ్మట ఆ చూపును వెంట తెచ్చుకొనలేడు. ఇల్లే అతనికి గట్టు. అయినను గట్టు నీటిని ఆపునే గాని శుద్ధి చేయదు.

శుద్ధి మాట కావలెనన్నచో భాగవతమునకు పోవలెను. దశమస్కంధమున ముప్పదియవ అధ్యాయమున, స్వామి అంతర్హితుడు కాగా గోపికలు చెట్టుచెట్టును అడిగి, అలసి, తుదకు ఆయన లీలలను తామే ఆడనారంభించిరి. ఒద్దిక లేదు, రంగము లేదు, చూచువారు లేరు. ఒకతె కృష్ణుడైనది. ఒకతె పూతన యైనది. ఒకతె శకటము, ఒకతె తృణావర్తుడు. ఒకతె కాళియుడు కాగా వేరొకతె ఆమె శిరస్సుపై కాలు మోపినది. కృష్ణుని వేషము కోరని గోపిక ఎవరు? అందరును కృష్ణులే అగుదుమన్నచో లీల సాగదు. విషము పూసిన స్తనముతో వచ్చు రక్కసిగా నిలుచుటకు ఒకతె ఒప్పుకొనవలెను. ఆమె పేరు శుకమహర్షి చెప్పలేదు. పూతనయందు ప్రీతిచేత ఆమె పూతన కాలేదు. స్వామి లీల కంటబడవలెనన్నచో ఆ స్థానము ఖాళీగా ఉండరాదని అయినది. అదియు కైంకర్యమే. అందరును ముందుకు తోసుకొని వచ్చు కైంకర్యముకంటె ఎవరును కోరని కైంకర్యము బరువైనది.

2022 వరకు కర్నూలు జిల్లాలోనుండి నేడు నంద్యాల జిల్లాలో చేరిన అహోబిలక్షేత్రమునకు పోయి ఉగ్రస్తంభమును దర్శించిన యాత్రికులకు ఇంకొక సంగతి గుర్తుండియే యుండును. ఆ హిరణ్యకశిపుడు వైకుంఠ ద్వారపాలకుడు. శాపవశమున, స్వామి సంకల్పమున, ద్వేషి వేషము కట్టిన సేవకుడు. బళ్లారి రాఘవ (1880-1946) ఆచార్యుల ఇంట జన్మించియు హిరణ్యకశిపుని వేషమున పేరుగాంచెను. ఆయన మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ప్రహ్లాద నాటకమే 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీకి ఆధారమైనది. విష్ణుద్వేషపు మాటలను వైష్ణవగృహమున పుట్టినవారే వ్రాసిరి, పలికిరి. ఆ మాటలెంత బిగువుగా పలికిన ప్రహ్లాదుని ఓర్పు అంత వెలుగునని వారెరుగుదురు.

అయిన కీచకుని దగ్గర చిక్కు మిగిలియేయున్నది. హిరణ్యకశిపుని కోపము చూచువారికి భయము పుట్టించును. కీచకుని మాటలు కొందరికి తీయగా వినిపించును. ఇచ్చటనే మన పద్యనాటకములలోని ‘వన్సుమోరు’ను తలచుకొనవలెను. హార్మోనియము శ్రుతి పట్టగా మంచి కంఠమువాడు రాగము తీసి పద్యము ముగించును. జనము వన్సుమోరని కేకలు వేయును. భక్తుని పద్యమునకు వేసినచో మేలే. సైరంధ్రిని అడ్డగించిన కీచకుని పద్యమునకు వేసినప్పుడు ఏమగును? ఆమె అచ్చటనే తల వంచుకొని నిలిచియుండవలెను. అతడు మరల మొదటినుండి ఎత్తుకొనును. మొదటిసారి పలికినది కథకొరకు, ద్రౌపది దుఃఖము మనకు తెలియుటకొరకు. రెండవసారి పలికినది దేనికొరకు? కథ ఆగినది, కోరిక మాత్రము సాగుచున్నది. దోషమంటునా అని మొదట అడిగిన ప్రశ్నకు ఉత్తరము ఈ రెండు పర్యాయముల నడుమ నున్నది. ఆ రెండవదానిలో వేషధారికెంత భాగమో, కేక వేసినవానికి అంతకు తక్కువ కాదు. వేషధారికి కూటికి అక్కర యున్నది. కేక వేసినవానికి ఆ సాకును లేదు. నాట్యోత్పత్తి కథలోను, తమ ఓటమిని రంగమున చూపిరని అలిగిన దైత్యులను బ్రహ్మ శాంతింపజేసి, నాట్యము మూడు లోకముల భావములను చూపునదని చెప్పెను. దైత్యుని చూపుమనియే ఆయన మాట, వానిని మెప్పించుమని కాదు.

కేక విన్నను ఎత్తుకొనక కథను ముందునకు నడిపిన కీచకుడు అరుదు. కథ ముందునకు నడచినచో వానికి మిగిలినది నర్తనశాల, చీకటి, భీముని చేతులు. పగలు కన్యలు ఆట నేర్చుకొను ఆ శాలలోనే, సైరంధ్రి యని తాకబోయి భీముని తాకి, వాడు ముద్దగా పడియుండవలెను. తెర పడువరకు కదలరాదు. చప్పట్లు భీమునికే.

ఆ గోపికల ఆట ముగిసిన వెంటనే అడవినేలపై స్వామి అడుగుజాడలు వారికి కనబడినవని భాగవతము చెప్పుచున్నది. ధ్వజము, పద్మము, వజ్రము, అంకుశము ఆనవాళ్లుగా గుర్తించి వారు ఒకరికొకరు చూపుకొనిరి. చూచినవారిలోనుండి పూతన వేషము కట్టినదానిని శుకుడు వేరుచేసి చెప్పలేదు.