దూరమునుండి నడిపించు చేయి – దాని హద్దులు



బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఒక సంగతి ఈ దినములలో సాధారణమైపోయినది. కుమారుడు వైట్‌ఫీల్డ్‌లోని తన ఇంట కూర్చుండి, ఒంగోలులోనున్న తండ్రిగారి కంప్యూటరును తెరచి, ఆయన పింఛను కాగితములు సరిచేయుచున్నాడు. మధ్య తీగయైనను కనబడదు, ఇంటిలోని వైఫై చాలును. ఇది గొప్ప సౌకర్యమే. అయితే మనము నిదానించి అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఒకరి యంత్రముపై మరియొకరి చేయి పడినప్పుడు ఆ చేతికి ఎంతవరకు హక్కు కలదు? అది చేసిన పనికి ఎవరు ఉత్తరవాదులు?

ఇది జరుగు విధము కష్టమైనది కాదు. అవతలి కంప్యూటరు తన తెరమీది బొమ్మను ఎడతెగక పంపుచుండును. ఇవతలివారు నొక్కిన అక్షరములు, కదిపిన మౌసు సంకేతములై అక్కడికి చేరును. అనగా అక్కడి దృశ్యము ఇక్కడికి వచ్చును, ఇక్కడి చేయి అక్కడికి పోవును. తీగ లేకుండ దూరపు వస్తువును నడిపించుట క్రొత్త ఆలోచనయు కాదు. 1898లో నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కులో రేడియో తరంగములతో ఒక చిన్న పడవను నడిపి చూపెను. కాని ఆ పడవలో ఎవరి ఉత్తరములును లేవు. కంప్యూటరులోనైతే బ్యాంకు లెక్కలు, వైద్యుని చీటీలు, కుటుంబపు మాటలు అన్నియు ఉన్నవి. అందుచేతనే ఇక్కడ హద్దులు అవసరమైనవి.

మొదటి హద్దు అనుమతి. ఊరికి పోవునప్పుడు పొరుగువారికి తాళపుచెవి ఇచ్చి, మొక్కలకు నీళ్లు పోయుమని చెప్పుదుము. తాళపుచెవి ఇచ్చినంత మాత్రాన బీరువా తెరచుటకు అనుమతి ఇచ్చినట్లు కాదు. మన దేశపు సమాచార సాంకేతిక చట్టము, 2000, సెక్షను 43 ప్రకారము సొంతదారుని అనుమతి లేకుండ అతని కంప్యూటరులో ప్రవేశించుట తప్పు. మోసపు తలంపుతో ఆ పని చేసినయెడల సెక్షను 66 ప్రకారము మూడేండ్ల వరకు జైలుశిక్ష గాని, అయిదు లక్షల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే పింఛను కాగితము కొరకు లోనికి వెళ్లిన కుమారుడు తండ్రిగారి ఉత్తరములు చదివినయెడల, ఏ పోలీసును అతని తలుపు తట్టడు. అక్కడ అతనిని ఆపవలసినది అతని మనస్సాక్షియే.

“నాన్నగారి మేలు కొరకే చూచితిని” అని కొందరందురు. ప్రేమ మంచిదే గాని, ప్రేమ అనుమతికి బదులు కాదు. మరి ఆ పని చేయుచుండగా, తండ్రిగారు ఎవరో మోసగానికి డబ్బు పంపుచున్నట్లు కుమారుని కంట పడినయెడల ఏమి చేయవలెను? ఇది నిజముగా కఠినమైన ప్రశ్న. వ్యవధి ఉన్నయెడల మొదట ఫోను చేసి మాటలాడవలెను. ఆ క్షణమే డబ్బు పోవుచున్నయెడల ఆపవచ్చును. ఇల్లు కాలుచుండగా తలుపు తట్టుచు నిలువము గదా. కాని ఆపిన వెంటనే, “నేనే ఆపితిని, ఇందు నిమిత్తము” అని చెప్పి తీరవలెను. దాచిపెట్టిన మేలు క్రమముగా పెత్తనమగును.

రెండవ హద్దు వెలుగు. అనగా, జరుగుచున్నది సొంతదారునికి కనబడవలెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన దూరసహాయపు ఏర్పాటులో సహాయము కోరువారే ఆహ్వానము పంపవలెను. జరుగునదంతయు తమ తెరమీద చూడవచ్చును. ఎస్కేప్ మీట నొక్కిన తక్షణము అవతలి చేయి తొలగిపోవును. మోసగాండ్రు ఈ క్రమమునే తలక్రిందులు చేయుదురు. బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి ప్రోగ్రామును వేయించి, దాని సంఖ్యను అడిగి, ఖాతా ఖాళీ చేయుదురు. ఇట్టి మోసమును గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించెను. తప్పు ప్రోగ్రాములో లేదు, దానిని పట్టుకొనిన చేతిలో ఉన్నది. నమ్మదగిన సహాయకుడు మనము పిలిచినప్పుడు వచ్చును. మోసగాడు తానే పిలుచును. పెద్దవారికి ఈ ఒక్క గుర్తు నేర్పిన చాలును. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

మన యువతీ యువకులలో అనేకులకు ఈ పనియే జీవనోపాధి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు ఈ నగరమునకు వచ్చి ఉపగ్రహము ద్వారా అమెరికాతో సంబంధము ఏర్పరచుకొనినది మొదలు, ఇక్కడ కూర్చుండి అక్కడి పని చేయుట ఈ నగరమునకు అలవాటైనది. రాత్రివేళ ఇక్కడ ఒకరు మీట నొక్కగా, సముద్రమునకు ఆవల ఒక ఆసుపత్రి లెక్కలు నిలిచిపోవచ్చును. అక్కడి రోగి ముఖము మనకు కనబడదు. అయినను కనబడని మనుష్యుడు లేని మనుష్యుడు కాడు. దూరము పనిని తేలిక చేయును గాని బాధ్యతను తేలిక చేయదు.

మూడవ హద్దు విడుచుట. మన పీణ్యాలోని ఇస్ట్రాక్ కేంద్రమునుండి ఇస్రోవారు అంతరిక్షములోని నౌకల కంప్యూటర్లకు ఆజ్ఞలు పంపుదురు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుని కక్ష్యలో ప్రవేశించినప్పుడు, ఇక్కడి సంకేతము అక్కడికి చేరుటకు పన్నెండు నిమిషములకు పైగా పట్టుచుండెను. అంత దూరమున ప్రతి క్షణము చేయి పట్టి నడిపించుట అసాధ్యము. గనుక ఆజ్ఞలను కొన్ని దినముల ముందే పంపి, సమయము వచ్చినప్పుడు నౌక తానే తన యింజనును వెలిగించుకొనునట్లు చేసిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 కూడ చంద్రునిపై తనంతట తానే దిగినది.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినదియు ఇదియే. పలక మీద బిడ్డ చేయి పట్టుకొని అక్షరము దిద్దింతుము. కాని ఎప్పటికిని విడువని ఉపాధ్యాయుడు ఆ బిడ్డకు వ్రాత నేర్పినవాడు కాడు, తన వ్రాతనే వ్రాసినవాడు. ప్రతి నెల కుమారుడే బెంగుళూరునుండి కరెంటు బిల్లు కట్టుచున్నయెడల, తండ్రిగారు ఎన్నటికిని నేర్చుకొనరు. ఒక నెల తాను చేసి చూపవలెను, మరుసటి నెల ఆయన చేయుచుండగా చూడవలెను, మూడవ నెల అడిగినప్పుడే రావలెను. బిడ్డల కంప్యూటర్లను తమ ఫోనులో కనిపెట్టుచుండు తల్లిదండ్రులును ఇట్లే ఆలోచింతురు గాక. పదియేండ్ల బిడ్డకు కావలి అవసరము; ఇరువదియేండ్ల వానికి అదే కావలి అవమానము.

కాబట్టి ఇంకొకరి యంత్రములో అడుగుపెట్టినప్పుడు మూడు సంగతులు మరువకుందము. అడిగి ప్రవేశింపవలెను, వారు చూచుచుండగా పని చేయవలెను, పని ముగిసిన వెంటనే బయటికి రావలెను. పని ముగిసిన తరువాత ఆ సంబంధమును నిజముగా మూసితిమా లేదా అని మరియొకసారి చూచుకొనుట కూడ ఆ పనిలో భాగమే.