చేష్ట – కాయకము

మానవుని చేష్టలను గుర్తించు యంత్రములు నేడు గృహములలోనికి ప్రవేశించినవి. చేతిగడియారమునందును, ఫోనునందును ఇమిడియున్న సెన్సారులు దేహము కదలిన వేగమును, తిరిగిన తీరును సంఖ్యలుగా గ్రహించి, ఇతడు నడచుచున్నాడు, ఇతడు కూర్చున్నాడు అని నిర్ణయించుచున్నవి. ఒంటరిగానున్న వృద్ధులు జారిపడినచో దూరమందలి బిడ్డలకు తెలుపు సాధనములును గలవు. ఇది ఉపకారమే. అయినను, యంత్రము గుర్తించినది ఆ మనుష్యుని క్రియయేనా అనునది విచారింపదగిన విషయము.

2012లో ఇటలీ, స్పెయిను దేశముల పరిశోధకులు 30 మంది నడుములకు ఫోనులు కట్టి, నడచుట, మెట్లెక్కుట, మెట్లు దిగుట, కూర్చుండుట, నిలుచుట, పరుండుట అను 6 చేష్టలను సెకనుకు 50 మారులు కొలిచి ప్రకటించిరి. ఆ కొలతలను పరిశీలించిన గణనపద్ధతులు తరచుగా తడబడినది కూర్చుండుట, నిలుచుటల యొద్దనే. కారణము స్పష్టము: రెంటియందును నడుము నిటారు, దేహము నిశ్చలము. కదలికయే ఆధారమైనవానికి నిశ్చలత దుర్గ్రాహ్యము.

ఈ తడబాటు రేపు తొలగవచ్చును. తొలగనిది మరియొకటి గలదు. కరతలమందు ఇష్టలింగమునుంచి దృష్టి నిలిపిన భక్తుడును, ఊరక పొద్దుపుచ్చు సోమరియు యంత్రమునకు కూర్చున్నవారే.

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరుటయే కాయకముగా జీవించెను. ఒకనాడాతడు అవసరమునకు మించి తేగా, ధర్మపత్ని లక్కమ్మ అది ఆశయని మందలించి, మిగులును తిరిగి అచ్చటనే విడిచి రమ్మనెనని శరణుల కథ చెప్పుచున్నది. నాడును వంగుట అదే, ఏరుట అదే. యంత్రముండినచో మరికొన్ని మారులు వంగెనని లెక్కించెడిదేగాని, కాయకమెచ్చట ముగిసి ఆశ యెచ్చట మొదలయ్యెనో చెప్పజాలదు. లక్కమ్మయు చూచినది బియ్యమునే. కాని యింటి అవసరమును, పతి నియమమును ఆమె యెరుగును. ఆ యెరుక సహజీవనమువలన గలిగినది.

కావున, తల్లి నేడెన్ని అడుగులు నడచెనో ఫోనులో చూచి ఆమె క్షేమమెరిగితిమని తలచుట పొరపాటు. ఆమె సమ్మతితో సాధనమునుంచుట మంచిదే, పడినపుడది పిలుచును. కాని కూర్చున్న తల్లి లింగధ్యానమందున్నదో, దిగులుతోనున్నదో తెలిసికొనుటకు బిడ్డ వచ్చి చెంత కూర్చుండవలెను. పెద్దలకు చేయు ఆ సేవయు దాసోహమే. దానిని యంత్రమునకు అప్పగింపరాదు.