పెరట్లో జెర్రిపోతు
గడ్డివాము పక్కనుంచి సర్రున జారిపోయే పొడవాటి పాము చాలాసార్లు జెర్రిపోతే. రెండు మీటర్లు దాటి పెరిగే ఈ పాముకు విషం లేదు, పడగా లేదు. కళ్లు పెద్దవి, పెదవుల పొలుసుల మధ్య నిలువుగా నల్లగీతలు. అయినా నాగుపామనుకుని కర్రెత్తేవాళ్లే ఎక్కువ. పాపం, అది వచ్చేది ఎలుకల కోసం. నాగుపాముతో సయ్యాటలాడుతుందన్న మాట ఊళ్లలో గట్టిగానే వినిపిస్తుంది గానీ, నిలువునా లేచి పెనవేసుకునేవి నిజానికి రెండు మగ జెర్రిపోతులు, అది కుస్తీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని చంపడం నేరం. కట్టెలు, ఇటుకల కుప్పలు గోడకు దూరంగా పెట్టి, గింజలు నేల మీద చిందకుండా చూస్తే ఎలుకలు తగ్గుతాయి, వాటితోపాటు పాము రాకపోకలూ తగ్గుతాయి. పాము ఏదో పోల్చుకోలేనప్పుడు దగ్గరకు పోకుండా పాములు పట్టేవారిని పిలవాలి.