బండి నాది, శబ్దం ఎవరిది?

బుల్లెట్‌కు కంపెనీ సైలెన్సర్ ఊడదీసి పంజాబ్ సైలెన్సరో, ఇండోరీయో, షార్ట్ బాటిలో బిగించడం ఒక మాదిరి పట్టణంలో కూడా కాసేపటి పని. స్పోర్ట్స్ బైకుల వాళ్లకైతే విదేశీ కంపెనీల స్లిప్-ఆన్‌లు (చివరి సైలెన్సర్ ఒక్కటే మార్చేవి), ఫుల్ సిస్టమ్‌లు (ఇంజను నుంచి గొట్టమంతా మార్చేవి) ఉన్నాయి. చట్టం దీన్ని ఒప్పుకోదు. కంపెనీ చేసి ఇచ్చిన వాహనాన్ని సొంతంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. శబ్ద ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మూడు నెలల దాకా జైలు గానీ పదివేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పోలీసులు ఊడదీసిన సైలెన్సర్లను నడిరోడ్డు మీద పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. అయినా అమ్మకాలు ఆగలేదు. జరిమానాకు భయపడటం వేరు, చేసేది తప్పని తోచడం వేరు. బండి నాది, డబ్బు నాది, పోయించుకున్న పెట్రోలు నాది, మధ్యలో మీకేమిటి అని అడిగే కుర్రవాడికి చలాను జవాబు కాదు. అతను అడుగుతున్నది నిజానికి దర్శనశాస్త్రం అడగాల్సిన ప్రశ్న: ఒక వస్తువు నాదైనంత మాత్రాన దాని శబ్దం కూడా నాదవుతుందా? కాదన్నదే నా వాదం. శబ్దం ఉండే చోటు బండి కాదు, వినేవాడి చెవి. కాబట్టి సైలెన్సర్ మార్చినవాడు మార్చింది తన బండిని మాత్రమే కాదు, తనకు ఏ హక్కూ లేని ఇతరుల చెవిలోని స్థితిని కూడా.

అవతలి పక్షానికి అన్యాయం చేయకుండా, ముందు ఆ గొట్టంలో ఏం జరుగుతుందో చూడాలి. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజను 346 సీసీ. సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90. ఫోర్ స్ట్రోక్ కనుక రెండు చుట్లకు ఒక్కసారే మండుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే ఐదు వందల పేలుళ్లు, అంటే సెకనుకు ఎనిమిది. మన చెవి ఒక్కొక్క దెబ్బనూ దాదాపు విడిగా పట్టుకోగల వేగం అది. ఆ ‘డుగ్ డుగ్’ మీద అంత మోజు ఉండటానికి కారణం అదే. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణానికి లోపలి వాయువు ఇంకా గట్టి ఒత్తిడిలోనే ఉంటుంది. అది ఒక్కసారిగా గొట్టంలోకి దూకి, ఒక పీడన తరంగమై పరుగెడుతుంది. గొట్టం చివర తెరిచిన చోటు తగలగానే ఆ తరంగం తిరగబడి, ఈసారి తక్కువ ఒత్తిడిగా ఇంజను వైపు వెనక్కి వస్తుంది. సరిగ్గా రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న ఘడియకు అది చేరితే, మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలికి చోటిస్తుంది. ఇది లెక్కలతో, చెవితో, ఏళ్ల తరబడి ప్రయోగాలతో సాధించిన విద్య. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో టూ స్ట్రోక్ ఇంజన్లకు ఎక్స్‌పాన్షన్ ఛాంబర్‌ను తీర్చిదిద్దాడు. 1961లో ఆ జట్టు రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ నుంచి పారిపోయి ఆ రహస్యాన్ని సుజుకీకి చేర్చాడు. మన రోడ్ల మీద ఇప్పటికీ ఆరాధకులున్న ఆర్‌ఎక్స్ 100 పొగగొట్టం మధ్యలో ఉబ్బి ఉండటం వెనుక ఆ విద్యే ఉంది. అంచేత సైలెన్సర్ మార్చడం వట్టి పోకిరితనం అని కొట్టిపారేస్తే విషయం తెలియనట్టే.

కాని వీధి చివర దుకాణంలో అమ్ముడయ్యేది ఆ విద్య కాదు. లోపలి జాలీ తీసేసిన ఖాళీ గొట్టం. తరంగం తిరిగొచ్చే సమయం చెడితే కింది వేగాల్లో లాగుడు తగ్గిపోతుంది కూడా. అసలైన ఫుల్ సిస్టమ్ బిగించినా, దానికి తగ్గట్టు ఇంధనం కొలత సరిచేయకపోతే వచ్చే లాభం స్వల్పం. అదీ ఇంజను పైవేగాల్లో తిరిగేటప్పుడే తెలుస్తుంది. ట్రాఫిక్ సిగ్నళ్ల మధ్య దానికి అవకాశం ఎక్కడ? పైగా బీఎస్-6 బళ్లలో ఫుల్ సిస్టమ్ పెట్టేటప్పుడు చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది. శక్తి కోసం అనే మాటను ఈ లెక్కతో పక్కన పెడితే, డబ్బు పెట్టి కొన్నది శబ్దాన్నే అని తేలుతుంది. మరి ఆ కొన్న సరుకు ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు న్యాయ, వైశేషిక దర్శనాలవాళ్ల దగ్గర స్పష్టమైన సమాధానం ఉంది. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని ఆకాశ గుణంగా చెబుతాడు. చెవి రంధ్రంలో ఉన్న ఆకాశమే వినే ఇంద్రియం. వాళ్ల లెక్కలో కన్ను వేరు, చెవి వేరు. కంటి తేజస్సు బయటికి వెళ్లి వస్తువును అందుకుంటుంది. చెవి ఎక్కడికీ వెళ్లదు, శబ్దమే దాని దగ్గరికి రావాలి. ఎలా వస్తుంది? కర్ర తగిలి భేరి దగ్గర ఒక శబ్దం పుడుతుంది, అది పక్కన మరో శబ్దాన్ని పుట్టించి తాను నశిస్తుంది, ఆ రెండోది మూడోదాన్ని పుట్టిస్తుంది. చెరువులో అల నుంచి అల లేచినట్టు సాగి, చివరిది వినేవాడి చెవిలోని ఆకాశంలో పుడుతుంది. వాడు విన్నది ఆ చివరిదాన్నే. భేరి దగ్గర పుట్టినదాన్ని ఎవరూ వినలేదు. ఆకాశం ఒక ద్రవ్యమనే మాటను నేటి భౌతికశాస్త్రం ఒప్పుకోదు. గాలి ఒత్తిడిలో మార్పులంటుంది. కాని ఆ ఒత్తిడి చివరికి చేసే పని కర్ణభేరిని కదిలించడం, లోపలి చెవిలోని సన్నని రోమకణాలను వంచడం. మనిషిలో ఆ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ద్రవ్యం గురించి ఈ ఇద్దరికీ తగాదా ఉండవచ్చు, చోటు గురించి లేదు. వినపడిన శబ్దం ఎదుటివాడి శరీరం లోపల జరిగిన సంఘటన.

ఇక్కడ గడుసైన తార్కికుడొకడు అడ్డు తగలవచ్చు. చివరి శబ్దాన్ని పుట్టించింది దాని ముందు శబ్దం, దాన్ని మరొకటి. బండివాడు చేసింది మొదటిదాన్ని మాత్రమే, అది పుట్టిన చోటే నశించింది, ఇక దోషం అతనిదెలా అవుతుంది అని. వ్యాకరణం దీనికి దారి చూపిస్తుంది. ఒక పనిలో పాల్గొనే వాటన్నిటిలో స్వతంత్రుడే కర్త అని పాణిని నిర్ణయం. ఆ వరుసలో గాలికి స్వేచ్ఛ లేదు, గొట్టానికి లేదు, మధ్యలోని వెయ్యి శబ్దాలకూ లేదు. వద్దనుకుని ఆగగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, యాక్సిలరేటరు మీద చెయ్యి ఉన్నవాడు.

ఎవరినీ బాధించాలన్న ఉద్దేశం నాకు లేదు అన్నది తర్వాతి మాట. చాలామంది విషయంలో అది నిజమే. కాని హింస గురించి అందరికంటే సూక్ష్మంగా ఆలోచించిన జైనులు ఉద్దేశాన్ని మాత్రమే అడగలేదు. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి హింసకు చెప్పిన లక్షణంలో కీలకం ప్రమాదం, అంటే పరాకు, ఏమరుపాటు. చూసుకోవాల్సినవాడు చూసుకోకుండా ప్రాణానికి హాని చేస్తే అది హింసే. పైగా వాళ్ల లెక్కలో ప్రాణం ఒకటి కాదు, పది. ఆయుస్సు, ఉచ్ఛ్వాసం, మూడు బలాలు, వాటితో పాటు ఐదు ఇంద్రియాలు. వినికిడి కూడా ఒక ప్రాణమే. మనిషి చావకపోయినా చెవికి హాని జరిగితే ప్రాణానికి హాని జరిగినట్టే. రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి గోడ పక్కనుంచి పోతూ, లోపల ఎవరున్నారో తట్టకపోవడాన్ని వాళ్లు అమాయకత్వం అనరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని గీత గీసి, ఆసుపత్రుల చుట్టూ కనీసం నూరు మీటర్ల మేరను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలు కల్పించాయి. 175 సీసీ పైబడ్డ బండి కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 80 డెసిబెల్స్ దాకా ఉండవచ్చు. గొట్టం మార్చి దాన్ని 90 చేస్తే పెరిగింది పదే కదా అనిపిస్తుంది. ఆ పదితో శబ్దం మోసుకొచ్చే శక్తి పది రెట్లవుతుంది.

గీత పన్నెండో అధ్యాయంలో, భగవంతుడికి ఇష్టమైన భక్తుడి లక్షణాల్లో, లోకాన్ని కలవరపెట్టనివాడు, లోకం వల్ల తాను కలవరపడనివాడు అనే జంట ఉంది. దీనిలో రెండో సగాన్ని పట్టుకుని వినేవాళ్లకు ఓర్పు బోధించేవారున్నారు. బండి చప్పుడుకే చెదిరిపోతే అదేం మనసు, అభ్యాసం చేయండి అంటారు. ఆ శ్లోకం రెండు లక్షణాలనూ ఒక్క మనిషిలోనే చెప్పింది. కలవరపెట్టే వాటా ఒకడికి, ఓర్చుకునే వాటా మరొకడికి పంచిపెట్టలేదు. ఓర్పు ఎవరికి వారు సాధించుకునే గుణం, ఒకరు మరొకరి మీద వేసే పన్ను కాదు. అంతా ఒకటే అయినప్పుడు ఎవరు ఎవరిని బాధిస్తారు అనే అద్వైతపు సాకు ఇంకా బలహీనమైనది. అంతా ఒకటే అయితే ఆ చప్పుడుకు తొట్టెలో ఉలిక్కిపడ్డ పసివాడూ బండివాడే.

సౌందర్యం మాట ఎత్తేవారి ముందు మాత్రం కాసేపు ఆగాలి. ఆ శబ్దం వాళ్లకు నిజంగా రసానుభూతి. సెకనుకు ఎనిమిది దెబ్బల ఆ లయలో మైమరచినవాణ్ణి తప్పుపట్టే హక్కు, నాదోపాసన చేసిన త్యాగరాజును పూజించే మనకు అంత తేలిగ్గా రాదు. యంత్రం చేసిన నాదం నాదం కాదని గిరిగీయడం కూడా సబబు కాదు. అయితే నాదం గురించి రాసిన పెద్దలు ఒక షరతు పెట్టారు. పదమూడో శతాబ్దపు సంగీతరత్నాకరంలో శార్ఙ్గదేవుడు ఆహత నాదాన్ని, అంటే తాకిడితో పుట్టే నాదాన్ని, లోకరంజకంగా చెబుతాడు, రంజింపజేయడం దాని ధర్మంలో భాగం. రసశాస్త్రమైతే రసం నిలిచే చోటు సహృదయుడి మనసు అంటుంది. వినడానికి మనసిచ్చి వచ్చినవాడు లేనిదే రసం లేదు. కచేరీకి, రేస్ ట్రాక్‌కు ఉన్నది, కాలనీ రోడ్డుకు లేనిది అదే. చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, 2023లో మోటోజీపీ జరిగిన బుద్ధ్ సర్క్యూట్‌కో వెళ్లినవాడు ఆ గర్జన కోసమే వెళ్లాడు. అక్కడ తెరిచిన గొట్టానికి నా వాదంలో ఏ అభ్యంతరమూ లేదు. వినేవాడి చెవి అక్కడ స్వయంగా ఒప్పుకుని వచ్చింది.

పెద్ద శబ్దం ఉంటేనే ప్రాణం దక్కుతుంది, లారీవాడికి మనం ఉన్నట్టు తెలుస్తుంది అనే వాదన భద్రత పేరుతో వస్తుంది. నిజమైతే ఇది గట్టి వాదన, ఎందుకంటే ప్రాణం ముందు నిద్ర చిన్నది. కాని లాస్ ఏంజెలస్ ప్రాంతంలో తొమ్మిది వందలకు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనాస్థలంలోనే పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ముప్పు నాలుగింట మూడు వంతులకు పైగా ముందువైపు నుంచే వచ్చింది. పొగగొట్టం నోరు వెనక్కి ఉంటుంది. ప్రమాదం తప్పించడానికి హారన్ ఉంది, అది అవసరమైన క్షణానికే మోగుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి. ఎవరూ పట్టించుకోని బస్తీ కుర్రవాడు, వాయిదాల మీద బండి కొనుక్కుని, ఒక్క నిమిషం ఊరంతా తనవైపు తిరిగేలా చేసుకుంటున్నాడు. ఆ ఒక్క గుర్తింపునూ లాక్కునే నీతి ఎవరి నీతి? ఆ ఆకలి నిజమైనది, దాన్ని తీర్చని సమాజం తప్పూ నిజమైనదే. కాని ఆ చప్పుడు చేరేది ఎవరికో చూడండి. ఏసీ గదిలో కిటికీలు బిగించుకున్నవాడికి అది సగమే వినపడుతుంది. రేకుల ఇంట్లో నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్నవాడికి, కూడలిలో ఎనిమిది గంటలు నిలబడే కానిస్టేబుల్‌కు, తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆమెకు పూర్తిగా వినపడుతుంది. గుర్తించనివాళ్ల మీద కోపం, తనలాంటి వాళ్ల చెవుల్లో పడుతోంది. మరి గుళ్ల మైకులు, మసీదు మైకులు, నిమజ్జనం డీజేలు ఏం పాపం చేశాయి, బండినే ఎందుకంటారు? వాటినీ అనాల్సిందే. చెన్నైలో ఒక చర్చి మైకుల కేసులో 2000లో సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని తేల్చింది. దేవుడి శబ్దానికే లేని మినహాయింపు సైలెన్సర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ వాదం నిశ్శబ్దాన్ని పూజించమనడం లేదు. దానికి రుజువు ఎలక్ట్రిక్ వాహనాలు. అవి నెమ్మదిగా పోయేటప్పుడు దాదాపు చప్పుడే ఉండదు. చూపులేని పాదచారికి అది ప్రాణాపాయం. అందుకే ఐక్యరాజ్యసమితి 138వ వాహన నిబంధన, ఎలక్ట్రిక్ కార్లు, బస్సులు, లారీలు గంటకు 20 కిలోమీటర్ల వేగం దాకా కృత్రిమంగా శబ్దం చేయాలని, అయితే అది 75 డెసిబెల్స్ దాటకూడదని నిర్ణయించింది. ఇక్కడ శబ్దం చేయడమే ధర్మమైంది, ఎందుకంటే అది వినేవాడి అవసరం కొలతగా పుట్టింది. ద్విచక్ర వాహనాలు ఆ నిబంధన పరిధిలో లేవు. మరోవైపు స్పీకర్లతో ఇంజను చప్పుడు వినిపించే ఎలక్ట్రిక్ బైకులు బజారులోకి వస్తున్నాయి. వాటి శబ్దం ఎంత ఉండాలో రేపు నిర్ణయించేవాళ్లు, కొనేవాడికి ఏ మోత నచ్చుతుందని అడగడం మాని, కర్ర పట్టుకుని రోడ్డు దాటే మనిషికి ఎంత వినపడితే సరిపోతుందని అడగాలి.