కంటికి కనబడని మరచుట్లు

బోల్టు బిగించుట కండబలముతో కూడిన పని యని పలువురు తలంతురు. నిజమునకు అది కొలత తెలిసి చేయవలసిన పని. పానాతో బిగించిన కొలది బోల్టు రవంత సాగును. సాగిన లోహము మరల ముడుచుకొనుటకు లాగు బలమే రెండు భాగములను ఒకదాని కొకటి అదిమి పట్టును. కారు ముందు చక్రమును ఆధారముగా పట్టియుండు లోయర్ ఆర్ము సబ్‌ఫ్రేమును అంటి నిలుచునది ఈ అదుముడు వలననే.

లోపలి మరచుట్లు, మెకానిక్కుల మాటలో త్రెడ్డు, తెగిపోయినచో బోల్టు తల స్థానములోనే యుండును. అదుముడు మాత్రము ఉండదు. గోతిలో చక్రము పడినపుడెల్ల ఆర్ము వెంట్రుకవాసి జరుగును, టకటకమను చప్పుడు పుట్టును. ఆ చప్పుడును అలక్ష్యము చేసినచో ఒకనాడు బోల్టు ఊడి చక్రము ప్రక్కకు ఒరుగును. అప్పుడు స్టీరింగు ఎంత త్రిప్పినను బండి మాట వినదు.

త్రెడ్డు పోవుటకు తుప్పు ఒక కారణము, అతిగా బిగించుట మరియొక కారణము. తరచుగా జరుగునది తొందరపాటు. 12 మిల్లీమీటర్ల బోల్టులలోనే చుట్టునకు చుట్టునకు 1.25, 1.5, 1.75 మిల్లీమీటర్ల ఎడము గలవి కలవు. డబ్బాలో కలిసిపోయిన వానిలో ఒకటి తీసి, రెండు చుట్లు ఎక్కి ఆగినదానిని పానాతో బలవంతముగా త్రోసినచో లోపలి చుట్లు నలిగిపోవును. ఒక్కొక్క కార్ఖానాలో ఒక్కొక్క తీరున మరలు కోయుచున్న కాలమున, 1841లో, ఆంగ్లదేశీయుడైన జోసెఫ్ విట్‌వర్త్ అన్నిటికి ఒకే కొలత యుండవలెనని ప్రతిపాదించెను. కొలతలైతే ఏర్పడినవి గాని తొందర పోలేదు.

ఒక షెడ్డులో సాయంకాలము అట్లే జరిగినదనుకొందము. పని నేర్చుకొనుచున్న యువకుని చేతిలో సబ్‌ఫ్రేము త్రెడ్డు పోయినది. యజమాని మరి గంటకు రానున్నాడు. రాత్రికే కుటుంబముతో పెండ్లికి పోవలెనట. బోల్టునకు టేపు చుట్టి, జిగురు పూసి దిగగొట్టినచో బండి షెడ్డు దాటును. ఎవరికిని తెలియదు. మేస్త్రికి తెలియును, ఆ యువకునికి తెలియును. ఆ యువకుడు ఆ దినమున నేర్చుకొను విద్య ఏది యగును?

సరియైన మార్గము లేకపోలేదు. సబ్‌ఫ్రేము అల్యూమినియముది అయినచో పాడైన రంధ్రమును పెద్దది చేసి, తగిన ట్యాపుతో క్రొత్త చుట్లు కోసి, అందు ఉక్కు తీగ చుట్టను ఎక్కింతురు. చక్కగా చేసినచో మెత్తని అల్యూమినియములోని తొలి చుట్లకంటె ఇదియే దృఢముగా నుండగలదు. ఉక్కు పెట్టె లోపల వెల్డింగు చేసిన నట్టు పోయినచో దానిని కోసి క్రొత్తది అతికింపవలసి వచ్చును. భాగమే పగిలియున్నను, తయారీదారుడు అట్టి మరమ్మతు కూడదని చెప్పియున్నను ఆ భాగమును మార్చుటయే దారి.

బాగుగా చేసిన పనిని గూర్చి యజమానికి చెప్పి భయపెట్టనేల యని కొందరందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. చెప్పిన మేస్త్రికి బేరము తగ్గి, దాచినవానికి పెరుగుట లోకములో ఉన్నదే. అయినను బండి యజమానిది, ప్రాణము యజమానిది. మరమ్మతు సిగ్గుపడదగినది కాదు. మరి దానిని దాచవలెనని తోచినచో, పనియందే ఎచ్చటనో లోటున్నదేమో మేస్త్రి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

దీనికంటె చిక్కైనది మరియొకటి. భాగము మార్చుటకు డబ్బు లేని యజమాని "ఈసారికి ఎట్లో సర్దు మేస్త్రీ, బాధ్యత నాది" అనును. అతని పేదరికము నిజమే. కాని ఎదురుగా సైకిలుపై వచ్చు కూలివాడు ఆ ఒప్పందములో లేడు. వెనుక సీటులో నిద్రించు పసిబిడ్డ లేదు. వారి తరఫున మాట యిచ్చుటకు యజమానికి అధికారము లేదు, పుచ్చుకొనుటకు మేస్త్రికిని లేదు. కూలి తగ్గించుకొనవచ్చును, బాకీ పెట్టవచ్చును, పాత బండినుండి తీసిన గట్టి భాగమును వెదకి యీయవచ్చును. బోల్టును మాత్రము వదులుగా విడువరాదు.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చినపుడు భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి పోసి రమ్మనెను. అది దొంగసొమ్ము కాదు, నేలపై పడియున్నదే. అయినను ఆ యిల్లాలు దానిని పొయ్యి దగ్గరకు రానీయలేదు. జిగురు పూసి దిగగొట్టిన బోల్టునకు పుచ్చుకొన్న కూలి ఇంటికి చేరినపుడు వంటయింటిలో అట్లు అడుగువారు నేడెందరున్నారో!

ఆ షెడ్డులో యువకుని కూలి కోయుట న్యాయము కాదు. నేర్చుకొనువాని తప్పునకు నేర్పువాడే పూచీ. మేస్త్రి యజమానికి కబురు చేసి, పెండ్లికి బస్సులో పొమ్మని చెప్పి, మరునాడు ఆ రంధ్రమును యువకుని చేతనే కోయించి, టార్క్ రెంచితో తాను బిగించి చూడవలెను. తీగ చుట్ట ఖరీదు తన లెక్కలో వ్రాసికొని, బిల్లుపై "ఎడమ ముందు చక్రము, లోయర్ ఆర్ము వెనుక బోల్టు: మా చేతిలో త్రెడ్డు పోయినది, చుట్ట వేసితిమి, కొన్నాళ్లు నడిపిన తరువాత తెచ్చి చూపవలెను" అని తేదీతో వ్రాసి యీయవలెను. ఏ ఊరిలోనో ఆ బోల్టును మరల విప్పబోవు మరియొక మెకానిక్కునకు ఆ కాగితము పనికివచ్చును.