మనుష్యుల దినము

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 4:1-5, అపొస్తలుల కార్యములు 24, తీతుకు 3:13



ఈ నెల ధ్యానమునకు న్యాయవాదుల సంగతి ఏల తీసికొంటిరని మీలో కొందరు అడుగవచ్చును. పల్లెటూరి సంఘమునకు వకీళ్లతో పనియేమి? కోర్టు మెట్లు ఎక్కనివాడే ధన్యుడని మన పెద్దలు ఎంచిరి. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును అను సామెత మనయందరి నోట నున్నదే. అయినను కాలము మారినది. మన పేటలలో పుట్టి, మన బడులలో చదివిన పిల్లలే నేడు లా పరీక్షలు పాసై, నల్లకోటు తొడిగికొని కోర్టులలో నిలుచుచున్నారు. ఆ చదువు చెప్పించుటకు పొలము కుదువబెట్టిన తండ్రులను మేమెరుగుదుము. కోటు వేసికొనిన రెండవయేట, మూడవయేట ఆ పిల్లలు ఎవరితోను చెప్పుకొనలేక లోలోపల కుమిలిపోవుటయు మేమెరుగుదుము.

జూనియరు ప్లీడరు బ్రదుకెట్టిదో మన సంఘస్థులలో అనేకులకు తెలియదు గనుక కొంచెము చెప్పెదము. ఉదయమే సీనియరుగారి ఇంటికి పోయి కాగితముల కట్టలు సర్దవలెను. కోర్టులో కేసు పిలిచినప్పుడు లేచి, మా సీనియరుగారు మరియొక కోర్టులో ఉన్నారు, వాయిదా దయచేయుడని వేడుకొనవలెను. న్యాయాధిపతి విసుగుకొనినయెడల ఆ విసుగు జూనియరుమీదనే పడును. సాయంకాలము కక్షిదారుడు వచ్చి, ఇన్ని వాయిదాలు తిరిగితిమే, ఏమి జరిగినదని నిలదీయును. ఇంటికి చేరిన తరువాత తల్లి ఏమియు అడుగదు గాని తలుపుదగ్గర నిలిచి చేతులవైపు చూచును. నెలాఖరున సీనియరుగారు ఇచ్చినది బస్సు చార్జీలకు చాలిన చాలును, లేకున్న లేదు. భారత బార్ కౌన్సిలువారు 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలైనను ఇచ్చుట మంచిదని సీనియర్లకు సూచించిరి. అది సూచనయే గాని కట్టడ కాదు. అదే సంవత్సరము జూలైలో సుప్రీంకోర్టువారు న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకొను రుసుము సాధారణముగా 750 రూపాయలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలకును మించరాదని తీర్పు చెప్పిరి. వాకిట కట్టు సుంకము తగ్గినది, సంతోషమే. లోపలి ఆకలి మాత్రము తగ్గలేదు.

ఇట్టి బిడ్డలకు దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నది?

కొరింథు సంఘమువారు తమ బోధకులను ఒకరితో నొకరిని పోల్చి తీర్పు తీర్చుచుండిరి. వీడు గొప్పవాడు, వాడు తక్కువవాడు అని. అప్పుడు పౌలు, మీరు నన్ను విచారించుట నాకు లెక్కలోనిది కాదని వారికి వ్రాసెను. ఈ చోట గ్రీకు మూలములో ఒక చిత్రమైన మాట కలదు. మేము సెమినరీలో ఆ భాష నేర్చుకొనుచుండగా ఈ మాటయెదుట చాలసేపు ఆగితిమి. మన బైబిలులో మనుష్యుల తీర్పు అను భావముతో కనబడు ఆ చోట మూలమందున్నది “మనుష్యుల దినము” అను మాట. అనగా న్యాయాధిపతి పీఠముమీద కూర్చుండి విచారణ జరుపు దినమన్నమాట. దానికి మన పల్లెలలో సరియైన పేరే యున్నది. వాయిదా! మనుష్యులకు ఒక వాయిదా దినమున్నది, ప్రభువునకు ఒక దినమున్నది, ఈ రెండును ఒకటి కావు అనుచున్నాడు పౌలు.

న్యాయవాదికి బ్రదుకంతయు వాయిదాలే గదా. వారమునకు అయిదు దినములు ఎవరో ఒకరు అతనిని తూచుచునే యుందురు. న్యాయాధిపతి తూచును, ఎదుటి ప్లీడరు తూచును, కక్షిదారుడు తూచును. రాత్రి పండుకొనినప్పుడు తన మనస్సే తనను బోనులో నిలువబెట్టును. ఈ నాలుగవది మిగిలిన మూడింటికంటె క్రూరమైనది. పౌలు దీనినికూడ విడిచిపెట్టలేదు. నన్ను నేనే తీర్పు తీర్చుకొననని అదే వచనములో చేర్చెను. ధనికుని ఇంటి లెక్కలు చూచు గుమాస్తాను ఇచ్చట యజమానుడు అడుగునది ఒక్కటే, నమ్మకముగా నడిచితివా అని. దావా గెలుచుట ప్లీడరు చేతిలో లేదు. సాక్షి మాట మార్చవచ్చును, దస్తావేజు దొరకకపోవచ్చును, ధర్మమే ఎదుటివానివైపు ఉండవచ్చును. కట్టను రాత్రి చదివి, మరునాడు వేళకు హాజరై, అబద్ధము పలుకకుండుట మాత్రము అతని చేతిలోనిదే.

ఇది నోటిమాట కాదు. ఈ పత్రిక వ్రాసిన కొద్ది సంవత్సరములకే పౌలుకు నిజముగా వాయిదాలు వచ్చెను. కైసరయలో అధిపతియైన ఫేలిక్సుయెదుట తెర్తుల్లు అను వక్త తియ్యని మాటలతో ఫిర్యాదు వినిపించెను. పౌలు సమాధానము చెప్పుకొనెను. ఫేలిక్సు ఏమి చేసెను? సహస్రాధిపతి లూసియ వచ్చిన తరువాత చూచెదనని వాయిదా వేసెను. ఆ వాయిదా ఎంత సాగినది? రెండు సంవత్సరములు! లంచము దొరకునేమోయని మాటిమాటికి పిలిపించి మాటలాడుచుండెనని లూకా దాచకుండ వ్రాసెను. మన దేశమున జిల్లా కోర్టులలో, వాటి క్రింది కోర్టులలో నాలుగు కోట్లకు పైగా కేసులు తీరక నిలిచియున్నవి గనుక, ఈ అధ్యాయము మనవారికి వేరుగా వివరింపనక్కరలేదు. ఆ రెండేండ్లును పౌలు లంచము ఇయ్యలేదు, మాట మార్చలేదు. ఫేస్తు వచ్చి మరల విచారణ పెట్టినప్పుడు, చట్టము తనకిచ్చిన హక్కును వాడుకొని కైసరునొద్దకు అప్పీలు చేసికొనెను. మనుష్యుల దినము అల్పమన్నవాడే ఆ దినమున చేయదగిన పని మాత్రము మానలేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఓటమియంతయు నిర్దోషమైనది కాదు. తన మనస్సాక్షి తనను నిందింపకపోయినను అంతమాత్రముచేత తాను నీతిమంతుడు కాడని పౌలే ఒప్పుకొనెను. కట్ట చదువక పోయి ఓడినవాడు ఈ వాక్యమును దుప్పటివలె కప్పుకొనరాదు. సివిలు దావాలో డిక్రీమీద అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 దినములలో, హైకోర్టుకైతే 90 దినములలో వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము నిర్ణయించినది. తీర్పు నకలు పుచ్చుకొనుటకు పట్టిన కాలము అందులో లెక్కకు రాదు. దుఃఖమునకుకూడ అంతకంటె ఎక్కువ గడువులేదు.

మా ప్రాంతములోని యొక యువకుడు ఒక విధవరాలి భూమి దావా ఓడిపోయి, సిగ్గుచేత రెండు వారములు కోర్టు ముఖము చూడక ఇంటనే పడియుండెను. ఆ విధవరాలే నడిచి వచ్చి వాకిట నిలిచి, “ఏం నాయనా, నీ ఏడుపుకు గడువెంత, నా అప్పీలుకు గడువెంత?” అని అడిగెను. ఆమెకు అక్షరము ముక్క రాదు. అతడు లేచి ముఖము కడిగికొని ఆ మధ్యాహ్నమే నకలుకు దరఖాస్తు పెట్టెను. అప్పీలు ఇంకను నడుచుచున్నది. గెలుచునో ఓడునో మాకు తెలియదు.

అయితే కొందరి దుఃఖము మందలింపుతో లేచునది కాదు. ఏలీయా కర్మెలుమీద గెలిచినవాడే. అయినను యెజెబెలు బెదిరింపు విని అరణ్యములో చెట్టుక్రింద పడి, చచ్చిపోయిన చాలునని కోరుకొనెను. దేవుడు అతనికి మొదట ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చెను, తట్టి లేపి రొట్టె పెట్టించెను, మరల నిద్రపోనిచ్చి మరల పెట్టించెను. ప్రశ్న అడిగినది హోరేబుకు చేరిన తరువాతనే. ఉదయమునుండి సాయంకాలమువరకు ఒంటరిగా తీర్పులు తీర్చుచున్న మోషేను చూచి, నీవును ఈ జనులును నలిగిపోవుదురని మామయైన యిత్రో చెప్పినదియు అట్టి మాటయే. గనుక మీ ఇంటి పిల్లవాడు నిద్రపట్టక, అన్నము సయింపక, చావుమాట పలుకుచున్నయెడల ప్రార్థించుడి, దానితోకూడ వైద్యునియొద్దకు తీసికొనిపొండి. ప్రభుత్వమువారు 2022లో టెలి మానస్ అను సహాయమును ఏర్పరచిరి. 14416 అను నెంబరుకు ఫోను చేసిన రాత్రియైనను పగలైనను మాటలాడుదురు. రుసుము లేదు. ఇది అవిశ్వాసమని ఎవరైన చెప్పిన వినవద్దు. ఏలీయాకు రొట్టె పంపినవాడే ఇదియు పంపెను.

మన దేశ సంఘములోనుండి వచ్చిన యొక స్త్రీని ఈ సందర్భమున తలంచుకొనక పోలేము. కొర్నీలియా సొరాబ్జీ 1866లో నాసికులో పుట్టెను. తండ్రి పార్సీమతమునుండి క్రీస్తును అంగీకరించిన బోధకుడు, తల్లి పూనాలో బాలికలకు బడులు నడిపినది. కొర్నీలియా పూనాలోని దక్కను కాలేజీలో ప్రథమశ్రేణిలో పాసాయెను. ఆ స్థానము పొందినవారికి ఇంగ్లాండు చదువుకు రావలసిన విద్యార్థి వేతనమును, స్త్రీ అను కారణముచేత ఆమెకు ఇయ్యలేదు. దయగలవారు కొందరు చందా వేసికొని పంపగా 1889లో ఆక్స్ఫర్డు చేరెను. 1892లో న్యాయశాస్త్రములో బీ.సీ.ఎల్. పరీక్ష వ్రాసి పాసాయెను. అంతకుముందు ఏ స్త్రీయు ఆ పరీక్ష వ్రాసియుండలేదు. అయితే స్త్రీలకు పట్టము ఇచ్చు ఆచారము లేదనిరి. ఆ పట్టము ఆమె చేతికి వచ్చినది 1922లో. ముప్పది సంవత్సరములు!

స్వదేశమునకు వచ్చి బొంబాయి విశ్వవిద్యాలయము ఎల్.ఎల్.బి. పరీక్షయు, అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్షయు పాసాయెను. అప్పటికిని కోర్టులో నిలిచి వాదించు అనుమతి దొరకలేదు. పరీక్షలలో ఓడినవాడు మరల చదువును. పరీక్షలన్నియు గెలిచియు తలుపు తెరువబడనివారు ఏమి చేయవలెను? ఘోషాలో నుండు జమీందారీ స్త్రీలు, పురుషులైన వకీళ్లకు కనబడరాదు గనుక, ఆస్తులు పోగొట్టుకొనుచు నోరులేక పడియుండిరి. కొర్నీలియా వారియొద్దకు పోయెను. 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సువారు ఆమెను సలహాదారుగా నియమించిరి. ఇంచుమించు ఇరువది సంవత్సరముల సేవలో ఆరువందలకు పైబడిన స్త్రీలకును అనాథ బాలురకును ఆమె సహాయము చేసెను. స్త్రీలు వకీళ్లు కావచ్చునని మన దేశములో చట్టము వచ్చినది 1923లో. 1924లో ఆమె కలకత్తా హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టెను. వయస్సు అప్పటికి ఏబదియేడు. అక్కడను వాదించు అవకాశములు మిక్కిలి తక్కువగా వచ్చెను, ఎక్కువగా అభిప్రాయములు వ్రాసియిచ్చు పనియే దొరికెను. 1929లో విరమించి, 1954లో లండనులో మరణించెను. గాంధీగారి ఉద్యమమునుగూర్చి ఆమె పలికిన పలుకులు మాకు సమ్మతము కావు, అది వేరు సంగతి. మనుష్యుల దినమున ఆమెకు దక్కినది ఎంత స్వల్పమో చూడుడి. ఆ ఆరువందలమంది మాత్రము ఆమె పట్టము చూచి తలుపు తీయలేదు.

ఇక జేనా సంగతి. తీతుకు వ్రాసిన పత్రిక చివరలో పౌలు ఈ పేరు చెప్పి, ఇతడు ధర్మశాస్త్రము తెలిసినవాడనెను. యూదుల ధర్మశాస్త్రమో, రోమీయుల చట్టమో పండితులకు ఏకాభిప్రాయము లేదు. క్రేతులోని సంఘమునకు ఇచ్చిన ఆజ్ఞ మాత్రము తేటగా నున్నది. జేనాను, అపొల్లోను ఏమియు తక్కువ కాకుండ శ్రద్ధగా సాగనంపవలెను. ఒక న్యాయవాది ప్రయాణపు ఖర్చు సంఘము చూడవలసిన పనియని అపొస్తలుడు ఎంచెను! మనము ఏమి చేయుచున్నాము? సంఘపు స్థలము తగాదా వచ్చినప్పుడు, మన పిల్లవాడే గదా అని ఉచితముగా వాదించుమందుము. కోర్టు కాగితముల ఖర్చుకూడ వానిచేతనే పెట్టింతుము. ఆదివారము గుడి వాకిట పట్టుకొని, ఎన్ని కేసులు గెలిచితివిరా అని పదిమందిలో అడుగుదుము. ఆ ప్రశ్న మానుడి. భోజనము చేసితివా అని అడుగుడి. కోత పండుగ కానుకలలోనుండి ఏటేట ఒక్క బిడ్డకైనను చట్టపు పుస్తకములకో, బస్సు పాసుకో కొంత తీసిపెట్టుట మన సంఘములకు మించిన పని కాదు. అన్నింటికి ముందు వానికి ఇయ్యవలసిన ఫీజు ఇయ్యుడి.

మీ మీ గ్రామములలో ఈ వృత్తిలో నున్న యౌవనుల పేర్లను సంఘపెద్దలు వ్రాసి పంపినయెడల, సోమవారము కోర్టులు తెరచు వేళకు ముందు, ఉదయ ప్రార్థనలో వారిని పేరు పేరున జ్ఞాపకము చేసికొందుము. గుమాస్తాల పేర్లును చేర్చుడి, వారును ఆ వాయిదాలే తిరుగుచున్నారు.