కోచ్ మారితే గెలుస్తామా? ప్రహ్లాదుడి బడి చెప్పే జవాబు

 

మొన్న అవుకులో సత్సంగం అయ్యాక ఒక డిగ్రీ తమ్ముడు దగ్గరకొచ్చాడు. "అన్నా, మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ వరసగా ఓడిపోతోంది. కోచ్‌ని మార్చమని ప్రిన్సిపాల్‌కి లెటర్ రాశాం. అందరూ సంతకం పెట్టేశారు. కెప్టెన్‌ని, నాదొక్కటే మిగిలింది. పెట్టమంటావా?"

నవ్వేసి ఊరుకునే ప్రశ్న కాదిది. ఒక మనిషి ఉద్యోగం, పదిమంది పిల్లల నమ్మకం అందులో ఉన్నాయి.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. కోచ్ వల్ల చాలా తేడా వస్తుంది. మన హైదరాబాద్ స్కూల్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీం గారినే చూడండి. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఉంటే, ఆయన్ని ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో కొరియా మీద ఆయనే ఒక గోల్ కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదే. అప్పటికే రహీం గారిని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో వెళ్లిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.

మనలో మనకే కనపడనిది గురువుకి కనపడుతుంది. అదీ ఆయన విలువ.

కానీ ఇదే రహీం గారి జట్టు 1952 హెల్సింకీలో యుగోస్లేవియా చేతిలో 10-1తో ఓడింది! మనవాళ్లలో చాలామంది అప్పుడు వట్టికాళ్లతో ఆడారు. ఆ ఒక్క స్కోరు చూసి ఆయన్ని పంపించేసి ఉంటే, జకార్తా ఉండేదా?

ఇప్పుడు ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్దాం. ఎగువ అహోబిలంలో 'ప్రహ్లాద బడి' ఉంది కదా. భాగవతంలో నారద మహర్షి కయాధువుకి ఆశ్రమంలో ధర్మం బోధించాడు. కడుపులో ఉన్న బిడ్డ కూడా విన్నాడు. గురువు ఒక్కడే, పాఠం ఒక్కటే. కొన్నాళ్లకు తల్లి మరిచిపోయింది, బిడ్డ మరువలేదు.

తర్వాత చండామార్కుల బడి. కొడుకు నోట హరినామం వినగానే హిరణ్యకశిపుడు ఏం చేశాడు? ముందు ఆ గురువుల మీదే విరుచుకుపడ్డాడు. రిజల్ట్ నచ్చకపోతే కోచ్ మీద పడటం అప్పటినుంచే ఉంది!

మరి ప్రహ్లాదుడో? ఆ గురువుల మాట తన మనసుకి ఎక్కకపోయినా వాళ్లని ఒక్క మాట తూలనాడలేదు. చెప్పింది విన్నాడు, నేర్చుకున్నాడు. తండ్రి అడిగినప్పుడు మాత్రం, తాను నమ్మిన సత్యాన్ని భయపడకుండా, వినయంగా చెప్పాడు.

ఆ తమ్ముడికి ఎదురుగా ఉన్న అవుకు రిజర్వాయర్ చూపించాను. ఈ నీళ్లు ఇక్కడ పుట్టినవి కావు. శ్రీశైలం నుంచి కృష్ణమ్మ కాలువల వెంట ఇంత దూరం వచ్చింది. కాలువ లేకపోతే నీళ్లు లేవు. కానీ మడి గట్టు తెగి ఉంటే, వచ్చిన నీళ్లు నిలుస్తాయా? గురువు కాలువ. మన శ్రద్ధ గట్టు.

"ఆయన చెప్పింది చెప్పినట్టు ఎన్ని రోజులు చేశారు నాన్నా?" అని అడిగాను. తల దించుకున్నాడు. "పొద్దున ప్రాక్టీస్‌కి సగం మందిమే వెళ్తాం అన్నా" అన్నాడు.

"అయితే మూడు వారాలు ఆ లెటర్ జేబులోనే ఉంచు. అందరూ టైముకి వెళ్లండి, చెప్పింది చెయ్యండి. అప్పటికీ లోపం ఆయనదే అనిపిస్తే, చాటుగా సంతకాలు వద్దు. ఆయన ఎదుటే కూర్చుని, ప్రహ్లాదుడిలా మర్యాదగా, భయం లేకుండా చెప్పండి. గురువు తప్పు చేస్తే మౌనంగా భరించమని మన ధర్మం చెప్పలేదు. మన వంతు చెయ్యకుండా తీర్పు ఇవ్వొద్దంటున్నాను, అంతే."

లెటర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మీ జేబులో కూడా అలాంటి లెటర్ ఏదైనా ఉందా? ట్యూషన్ సార్ మీదో, ఆఫీసులో టీమ్ లీడ్ మీదో? ఈ రాత్రి నరసింహస్వామికి దీపం పెట్టి, ముందు మీ గట్టు ఒక్కసారి చూసుకోండి.

ఓం నమో నారసింహాయ.